తూకం అయ్యాక ఇంకో గుప్పెడు

ఆ రోజుల్లో సరుకు కొనడమంటే ఒక పూట పని, ఒక పూట కాలక్షేపం. కొట్టు ముందు నిలబడాలి, ధర అడగాలి, అడిగాక నవ్వాలి, నవ్వాక ఇళ్లల్లో పెళ్లిళ్లూ పురుళ్లూ అన్నీ మాట్లాడుకోవాలి, అప్పుడు గాని కాటా పళ్లెం కదిలేది కాదు. ఇప్పుడు ఫోను మీద వేలు పెడితే పొట్లం గుమ్మంలోకి వచ్చి పడుతోంది. విప్పి చూస్తే అట్ట మీద రాసిన బరువుకి ఒక్క గింజ తక్కువ ఉండదు. ఒక్క గింజ ఎక్కువా ఉండదు. తప్పు పట్టడానికి ఏమీ లేదు గాని, నాకా పొట్లం చూసినప్పుడల్లా చుట్టాలింటికి వెళ్తే కడుపునిండా భోజనం పెట్టి, బయల్దేరేటప్పుడు వీధి గుమ్మం దాకా రాకుండా లోపల్నించే తలుపేసుకున్నట్టు ఉంటుంది. ఏం చేస్తాం, నేను పుట్టి పెరిగింది కొసరు మీద.

కొసరంటే తెలియని పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు కాబట్టి చెప్పాలి. అమలాపురం బజారులో మాది పప్పుల కొట్టు. నాన్న రాజమండ్రి వెళ్లి సరుకు తెచ్చేవారు, అమ్మ కాటా దగ్గర కూర్చునేది. (బోర్డు మీద పేరు నాన్నది. ఆ బోర్డు కింద మాట్లాడే హక్కు మాత్రం అమ్మది.) కందిపప్పో వేరుశనగ గుళ్లో తూచి, ముల్లు నిలబడ్డాక, పళ్లెం దించి పొట్లంలో పోసేసి, అప్పుడు ఇంకో గుప్పెడు తీసి ఆ పైన పడేసేది. అదీ కొసరు. కాటా మీద ఉండగా వేస్తే తూకంలో కలిసిపోతుంది, దానికి విలువ లేదు. దించాకే వెయ్యాలి. కొన్నవాళ్లు చూస్తూ ఉండగా వెయ్యాలి. నవ్వుతూ వెయ్యక్కర్లేదు, మా అమ్మ ఎప్పుడూ నవ్వలేదు. "తూచింది వాళ్లిచ్చిన డబ్బుకే అమ్మడూ, అందులో మన గొప్పేం లేదు. ఈ గుప్పెడుంది చూశావూ, ఇది మళ్లీ రండని చెప్పడానికి," అనేది. నోటితో "మళ్లీ రండి" అని ఆవిడ ఎవరితోనూ అనగా నేను వినలేదు. ఆ పని గుప్పెడు చేసేది.

బళ్లో నుంచి వచ్చి కాటా పక్కన పీట మీద కూర్చునేదాన్ని కాబట్టి బజారంతా నన్ను కాటా అమ్మడనేవారు. ఊరందరికీ కొసరు వేసే ఆ చేతి నుంచి నాకు మాత్రం ఏనాడూ ఒక గింజ రాలలేదు. కావాలంటే బస్తాలోంచి తీసుకుని తినొచ్చు, అడిగేవాళ్లు లేరు. కానీ బస్తాలో గుళ్లు వేరు, కొసరు గుళ్లు వేరు. ఒకసారి పట్టుదల వచ్చి, దాచుకున్న చిల్లర తీసుకుని, వెనక దారిన వీధిలోకి వెళ్లి, కొనేవాళ్ల గుంపులో దూరి, గొంతు మార్చి "వేయించిన శనగపప్పు ఇవ్వండి. ఆయ్, కొసరు కూడా వెయ్యండి," అన్నాను. అమ్మ తలెత్తలేదు. తూచింది. పొట్లం కట్టింది. నా చిల్లర తీసుకుని గల్లాపెట్టెలో వేసింది. కొసరు లేదు. "అదేంటండీ, ఆవిడకి వేసేరుగా!" అని పక్కావిణ్ణి చూపించాను. "ఇంట్లోవాళ్లకి కొసరేంటే? నిన్ను మళ్లీ రమ్మని నేను పిలవాలా? దీపాలు పెట్టేసరికి నువ్వే వచ్చి పడతావు. లోపలికి రా, బేరాలకి అడ్డం నిలబడకు," అంది. బజారు బజారంతా నవ్వింది. నాకు మిగిలింది డబ్బిచ్చి కొనుక్కున్న మా శనగపప్పు.

అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల డిగ్రీ అయ్యాక, కాటా దగ్గర కూర్చోనంటే కూర్చోనని, హైదరాబాదు వెళ్లి ఒక ట్రావెల్స్ ఆఫీసులో చేరింది. వెళ్లేముందు రోజు కొట్టు మెట్ల మీద నిలబడి "పప్పులు ఏముందమ్మా, ఎవరైనా అమ్ముతారు. నేను సిటీకి సిటీనే అమ్ముతాను చూడు," అని పెద్ద గొంతుతో చెప్పాను కూడా. అమ్మ "అమ్ము. కాటా పక్కన పీట ఎవరికీ ఇవ్వనులే," అంది. అది దీవెనో ఎత్తిపొడుపో ఆ రోజు నాకు తేలలేదు.

ఆఫీసంటే ఒక గది, రెండు బస్సులు, ఒక టై. ఆ టై కట్టుకునే ఓనరుగారిని మేమంతా టై సారు అనేవాళ్లం. ఆయన ఇంటర్వ్యూ చేసి, జీతం ఎంతో ఒక అంకె చెప్పారు. ఇక్కడ నా పెంపకం గురించి చదివేవాళ్లు కాస్త జాలిపడాలి. ఎదుటి మనిషి ఒక అంకె చెప్పగానే దాన్ని సగం చెయ్యడం మా ఇంట్లో నడక రాకముందే నేర్పుతారు. టై సారు అంకె పూర్తిచెయ్యకముందే నా నోరు "అంతెందుకండీ, సగానికి చూడండి," అనేసింది. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, చెయ్యి చాపి "ఫిక్స్," అన్నారు. బేరాల్లో నాకు తిరుగులేదని బజారంతా చెప్పుకునే నేను, జీవితంలో చేసిన మొదటి పెద్ద బేరం ఇది. ఈ సంగతి అమ్మకి ఇప్పటిదాకా తెలియదు. ఈ పుస్తకం ఆవిడ చదవకపోతే ఇక ముందూ తెలియదు.

నా పని బస్సులో మైకు పట్టుకోవడం. పొద్దున్నే బయల్దేరి గోల్కొండ, చార్మినారు, మ్యూజియం, హుస్సేన్ సాగర్ చూపించి సాయంత్రానికి మళ్లీ తెచ్చి దింపాలి. హాస్టల్లో అమ్మాయిలు నేను "ఆయ్" అన్నప్పుడల్లా నవ్వుతున్నారని, తుమ్ము ఆపుకున్నట్టు దాన్ని ఆపుకోవడం నేర్చుకున్నాను. రెండు వారాలు ఆపుకున్నాను. ఆ రెండు వారాల్లో నాకు నిద్ర పట్టలేదు, నోటికి ఏదీ రుచించలేదు. చివరికి హాస్టలు మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చుని, ఎవరూ లేరని చూసుకుని, "ఆయ్. ఆయ్. ఆయ్," అని మూడుసార్లు అనుకుంటే కాస్త తెరిపిన పడింది. బజారులో ఎండిన కొబ్బరి కురిడీల వాసన, సన్నగా కొట్టి కుప్పలు పోసిన పనసపొట్టు, కాటా పళ్లేల టకటక, ఇవన్నీ ఇన్నాళ్లూ నాకు పట్టని సంగతులు. అవి లేనిచోటికి వచ్చాకే అవి ఉండేవని తెలిసింది.

మూడు నెలలయ్యాక టై సారు మమ్మల్నందరినీ కూర్చోబెట్టారు. "ఇంత పెద్ద సిటీ. ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ రావట్లేదు. వస్తారు, ఫోటో దిగుతారు, పోతారు. వాళ్ల ఊళ్లో పక్కింటివాళ్లకైనా చెప్పట్లేదు. టూరిస్టులు ఎక్కువ రావాలంటే ఏం చెయ్యాలి? తలా ఒకటి చెప్పండి," అన్నారు. టికెట్లిచ్చే అమ్మాయి బస్సు నిండా రంగు దీపాలు పెడదామంది. లెక్కలు చూసే ఆయన ఫోటోలకి ఒక పెద్ద గుండె బొమ్మ చేయిద్దామన్నారు. డ్రైవరన్న "ఏసీ మంచిగ పనిచేస్తే సాలు సార్," అన్నాడు. నా వంతు వచ్చింది. "మన దగ్గర కొసరు లేదండి," అన్నాను. అందరూ నావంక చూశారు. ఇక తప్పదని నిలబడి, పళ్లెం దించడం, గుప్పెడు వెయ్యడం చేతులతో చేసి చూపిస్తూ చెప్పాను. "కాగితంలో రాసిన నాలుగూ చూపించడం తూకమండి. డబ్బు తీసుకున్నాం, చూపించేం, అయిపోయింది. అందులో మళ్లీ రమ్మనే మాట ఎక్కడుందండీ? కాగితంలో లేనిది ఒక్కటి చూపించి పంపండి. ఇంటికెళ్లేక వాళ్లు తూకం సంగతి చెప్పరు, కొసరు సంగతి చెప్తారు."

"ఖర్చెంత?" అన్నారు టై సారు. "గుప్పెడేనండి." ఆయన టై సర్దుకున్నారు. "దసరా దాకా చూస్తాను. బస్సులు నిండితే నువ్వు పర్మినెంటు. నిండకపోతే ఒక బస్సు అమ్మేస్తాను. అమ్మేసిన బస్సుకి మైకెందుకు?" అన్నారు. అంటే దసరాకి బస్సు నిండకపోతే నేను అమలాపురం వెళ్లి ఆ పీట మీద కూర్చోవాలి. సిటీకి సిటీని అమ్మేస్తానన్న మెట్ల మీదుగానే లోపలికి వెళ్లాలి. అది తలుచుకుంటే ఒళ్లు మండేది. అయితే ఒక నిజం కూడా చెప్పుకోవాలి: పొద్దున్నే బస్సు నిండాలని దేవుడికి దండం పెట్టుకునేదాన్ని, పెట్టుకుంటూనే లోపల ఎక్కడో, నిండకపోతే ఎంత బాగుంటుందో, అని ఒక సన్న గొంతు అనేది. ఏ గొంతుకి దేవుడు "ఆయ్" అంటాడో చూద్దామని ఊరుకునేదాన్ని.

మొదటి కొసరు చార్మినారు దగ్గర గాజుల వీధి. కాగితంలో అది లేదు. "మీకు గాజులు నేనే బేరమాడి ఇప్పిస్తానండి," అని ముప్పై మందిని దింపాను. ఒక ముసలాయన కొట్టు ముందు నిలబడి, ఆయన చెప్పింది సగం చేసి, ఆయన తల అడ్డంగా ఊపితే, "అయితే వద్దులెండి," అని వెనక్కి తిరిగాను. ఇది శాస్త్రం. మా బజారులో అలా తిరిగి నడిస్తే మూడో అడుగులో "ఇదిగో అమ్మడూ, రా రా, పట్టుకెళ్లు," అని పిలుస్తారు. నాలుగో అడుగు వెయ్యాల్సి వచ్చిన మనిషి మా ఊళ్లో ఇంకా పుట్టలేదు. నేను మూడో అడుగు వేశాను. పిలవలేదు. నాలుగు, అయిదు. వెనక్కి చూడకూడదు, చూస్తే బేరం పోతుంది. నా వెనకాల ముప్పై మంది. పది, పదిహేను. "పాపా, యాడికి పోతాండాం?" అని అనంతపురం నుంచి వచ్చిన రిటైర్డు హెడ్మాస్టరుగారు అడిగారు. "అదేనండి, ఇప్పుడు పిలుస్తారండి," అన్నాను. వీధి అయిపోయింది. అవతల రోడ్డు, రోడ్డు మీద మా బస్సు, బస్సులో డ్రైవరన్న. "ఏంది చెల్లె, గాజులేవి?" అన్నాడు.

సిగ్గు చంపుకుని, ముప్పై మందినీ మళ్లీ వెనక్కి నడిపించుకుని, అదే కొట్టు దగ్గరికి వచ్చాను. ముసలాయన అక్కడే కూర్చుని చాయ్ తాగుతున్నాడు. "వచ్చినవా బేటీ? వస్తవని తెలుసు. ఇక్కడ ఎవరూ పిలవరు, వాళ్లే వస్తరు," అన్నాడు. ఆయన చెప్పిన ధరకే అందరూ కొన్నారు. డజను కట్టి, కాగితంలో చుట్టి, చుట్టేశాక ఆ కాగితం మళ్లీ విప్పి ఇంకో గాజు అందులో పెట్టాడు. "ఊపర్ సే," అన్నాడు. పైన ఇంకొకటి. తూకం దించాక వేసే గుప్పెడే అది! మూడు నెలల్లో మొదటిసారి ఆ నగరం నాతో నా భాషలో మాట్లాడినట్టనిపించింది. గాజుల వీధిలో అందరి ముందూ "ఆయ్!" అని గట్టిగా అనేశాను.

ఆ రోజు వెనక్కి వస్తుంటే ట్రాఫిక్కులో ఇరుక్కున్నాం. ముందు వరసలో హెడ్మాస్టరుగారు, ఆయన వెనక ఆయనతో పని చేసి రిటైరైన టీచర్లు. "కొసరని చెప్పి ఊరంతా నడిపిస్తివి. ఇప్పుడు కూచున్న చోట ఇంకోటేమన్నా చెప్పు పాపా," అన్నారాయన. చూపించడానికి చుట్టూ లారీలు తప్ప ఏమీ లేవు. నా దగ్గర గుప్పెట్లో ఉన్నది ఒక్కటే. మైకు పట్టుకుని మా ఊరు చెప్పాను. సఖినేటిపల్లి రేవులో పంటు సంగతి: రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిస్తే, దాని మీద స్కూటర్లూ, గడ్డిమోపులూ, పెళ్లివారూ అందరూ కలిసి గోదావరి దాటడం. పనసాకు బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తే పొట్టిక్కలవడం, ఆకు విప్పేటప్పుడు వచ్చే ఆ వాసన. ఏ ఇంటి పెరట్లో నిలబడ్డా ఎక్కడో కాలవ నడుస్తున్న చప్పుడు. ఎంతసేపు చెప్పానో తెలియదు. బస్సు కదిలింది కూడా తెలియలేదు. ఆగి చూస్తే బస్సంతా నావంకే చూస్తోంది. హెడ్మాస్టరుగారు కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. "మా యేట్లో నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవురికీ తెలీదు. వచ్చిన దినం ఊరంతా పోయి చూస్తాం," అన్నారు. "మీకు దినమూ అట్లే ఉంటుందా?"

ఆ మర్నాటి నుంచి అదే నా చివరి కొసరు అయిపోయింది. ఖర్చు లేదు, డీజిలు లేదు. రోజూ సాయంత్రం నగరం నడిబొడ్డున, ఎర్ర దీపం దగ్గర, నేను మా ఊరు వెళ్లి వచ్చేదాన్ని. ముప్పై మంది నాతో వచ్చేవారు. నెల తిరిగేసరికి ఆఫీసు ఫోను మోగడం మొదలైంది. టై సారు మొహం వెలిగిపోయింది. నేనూ వెలిగిపోయాను. ఒక రోజు ఆయనే ఫోనెత్తి, విని, పెట్టేసి, మళ్లీ మోగితే ఎత్తి, విని, పెట్టేసి, నన్ను పిలిచారు.

"ఏమమ్మా, నీకు నేనిచ్చిన పనేంటి?"

"సిటీకి టూరిస్టుల్ని రప్పించడమండి."

"మరి వీళ్లేంటి, గోల్కొండ టైమింగ్స్ అడక్కుండా, పంటు టైమింగ్స్ అడుగుతున్నారు? ఒకావిడ పొట్టిక్కలు మన బస్సులో పెడతారా అంటోంది. చార్మినారు అమ్మమని కూర్చోబెడితే మీ ఊరి కొబ్బరికాయలు అమ్ముకుంటున్నావా?"

తల దించుకున్నాను. అన్నీ అయిపోయాయి, ఇక పీటే అనుకున్నాను. (ఆ సన్న గొంతు లోపల ఎగిరి గంతేసిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.) అయితే టై సారూ వ్యాపారస్తుడే. కాసేపు కిటికీలోంచి చూసి, "అనంతపురం మాస్టార్లు అడిగారు. మళ్లీ హైదరాబాదు వచ్చి, మన బస్సెక్కి మీ ఊరు వెళ్తారట. ఎందుకొస్తే నాకేం, మళ్లీ వస్తున్నారు కదా! తీసుకెళ్లు. మూడు రోజులు. వాళ్లు బాగుందంటే నువ్వు పర్మినెంటు," అన్నారు.

అలా నేను టూరిస్టు బస్సెక్కి మా ఊరు వెళ్లాను. జొన్నాడ దగ్గర వంతెన మీదికి రాగానే డ్రైవరన్నని ఆపమన్నాను. మాస్టార్లు దిగి, పిట్టగోడ పట్టుకుని, గౌతమీ గోదావరిని చూస్తూ నిలబడ్డారు. నేను మైకు పట్టుకుని, మళ్లీ దించేశాను. అన్ని నీళ్లని పక్కన పెట్టుకుని ఇంక నేను చెప్పేదేముంది?

అమలాపురంలో దిగాక మొదలైంది అసలు కథ. బజారు మొదట్లో కొబ్బరిబొండాల బాబాయి, నాకు నాలుగేళ్లప్పటి నుంచి బొండం కొట్టిచ్చినవాడు, నన్ను చూసి కత్తి దించాడు. "ఓహో, కాటా అమ్మడా! ఎప్పుడొచ్చేవమ్మా?" అన్నాడు. "ఇప్పుడే బాబాయ్." "ఎప్పుడెళ్తావు?" "రేపు సాయంత్రం." తల ఊపి, నా వెనకున్న మాస్టార్లని లెక్కపెట్టి, ఒక ధర చెప్పాడు. నేను గుండె మీద చెయ్యి వేసుకున్నాను. "బాబాయ్! ఇది మన ధరేనా?"

"మన ధర కాదమ్మా, టూరిస్టులది. ఆయ్."

"నేను టూరిస్టునా?"

"బస్సు దిగేవా లేదా? మెళ్లో ఆ కార్డేంటి మరి?" అన్నాడు. సగం చేశాను. నవ్వాడు. "ఆ సగం చెయ్యడం నీకు నేర్పింది ఎవరే, మీ అమ్మా నేనూ కాదూ?" అన్నాడు. ఇక మిగిలింది శాస్త్రం. వెనక్కి తిరిగి నడిచాను. ఒకటి, రెండు, మూడు. చెవులు రిక్కించుకుని నాలుగు. పిలవలేదు! మా బజారులో నాలుగో అడుగు వేసిన మొదటి మనిషిని నేనే. అయిదో అడుగులో పిలిచాడు, నన్ను కాదు, హెడ్మాస్టరుగారిని: "ఏవండీ మేష్టారూ, ఇలా నీడలోకి రండి. లేత బొండాలండి బాబూ. ఆ అమ్మాయి మాటలకేంటండీ, తను ఎప్పుడూ అంతే." మాస్టార్లంతా ఆయన చెప్పిన ధరకే తాగేశారు. తాగాక ఒక్కొక్కరికీ బొండం చీల్చి లేత మీగడ తీసి, అడక్కుండానే చేతిలో పెట్టాడు. నాకూ పెట్టాడు.

ఆ రోజంతా అదే వరస. అప్పనపల్లిలో పూలమ్మే పిన్నిగారు, అంబాజీపేటలో పొట్టిక్కల అత్తయ్యగారు, సఖినేటిపల్లి రేవులో టికెట్ల ఆయన, అందరూ అవే రెండు ప్రశ్నలు. ఎప్పుడొచ్చేవు? ఎప్పుడెళ్తావు? ఊళ్లో ఉన్నవాళ్లని ఆ రెండో ప్రశ్న ఎవరూ అడగరు. ఇన్నేళ్లూ బయటివాళ్లని నేనూ అదే అడిగానని, అడిగినప్పుడు వాళ్ల మొహాలు ఒక్క క్షణం ఎందుకలా అయ్యేవో నేను పట్టించుకోలేదని, అప్పుడు తట్టింది. మాస్టార్లు మాత్రం పంటు మీద పిల్లల్లా అటూ ఇటూ పరిగెత్తారు. ఒకాయన సీసాలో గోదావరి పట్టుకున్నారు. హెడ్మాస్టరుగారు "బాగుంది పాపా. శానా బాగుంది. మీ సారుకి నేనే చెప్తా," అన్నారు. అంటే నా ఉద్యోగం నిలబడింది. పీట తప్పిపోయింది. నేను గెలిచాను. గెలిచిన సంగతి ఎవరికైనా చెప్పాలని ఉంది గాని, ఎవరికి చెప్పాలో ఆలోచిస్తే ఒక్క మనిషే తోచింది.

రెండో రోజు సాయంత్రం, బయల్దేరే ముందు, కాగితంలో లేని కొసరుగా బస్సుని మా కొట్టు దగ్గర ఆపించాను. ముందురోజు రాత్రి ఇంట్లోనే పడుకున్నాను గాని, అమ్మ పడుకునే వేళకి నేను వెళ్లడం, నేను లేచే వేళకి ఆవిడ కొట్టు తియ్యడంతో పెద్దగా మాటల్లేవు. కొట్లో ఆవిడ ఎప్పట్లాగే కాటా దగ్గర. ముప్పై మంది ఒక్కసారి రావడం చూసి కనుబొమ్మ కూడా కదపలేదు. "చెప్పండి, మీకేం కావాలి?" అని మొదలుపెట్టింది. తూచడం, పొయ్యడం, దించడం, గుప్పెడు వెయ్యడం. హెడ్మాస్టరుగారు తన పొట్లం చేతిలో పెట్టుకుని, పైన పడ్డ ఆ గుప్పెడు గుళ్లనీ, ఆవిడ చేతినీ, నన్నూ మార్చి మార్చి చూసి "ఇదేనా పాపా?" అన్నారు. "ఇదేనండి," అన్నాను.

రద్దీ చూసి నాకు చేతులు ఊరుకోలేదు. అలవాటు చొప్పున బల్ల పక్క సందులోంచి లోపలికి దూరబోయాను. కాటా పక్కన పీట అలాగే ఉంది, ఖాళీగా, తుడిచి. "నువ్వాగు," అంది అమ్మ, గరిట ఆపకుండానే. "నీ మనుషులు బయటున్నారు. నువ్వు లోపలికొస్తే వాళ్లని బస్సెక్కించేదెవరు?" ఆగిపోయాను. బల్లకి ఇవతల నిలబడ్డాను. ఆవిడ పక్కన కూర్చుని ఇన్నేళ్లూ నేను చూసింది ఆవిడ చెయ్యీ, చెవీ, ముక్కుపుడక ఒక వైపు. ఎదురుగా మొహం చూడటం, చిల్లర పట్టుకుని గొంతు మార్చి నిలబడ్డ ఆ రోజు తర్వాత, మళ్లీ ఇప్పుడే. ఎక్కడో కాస్త అలిసినట్టుంది. లేకపోతే కొనేవాళ్లందరికీ ఎప్పుడూ అలాగే కనిపించేదేమో, నాకేం తెలుసు?

అందరూ బస్సెక్కారు. డ్రైవరన్న హారన్ కొట్టాడు. "నాకూ వేయించిన శనగపప్పు ఇవ్వమ్మా," అన్నాను. "సిటీకి సిటీనే అమ్మేశావా?" అంది. "ఆయ్. అమ్మేశాను. పర్మినెంటు చేస్తారు." "ఊఁ," అంది. తూచింది. ముల్లు నిలబడింది. పళ్లెం దించి పొట్లంలో పోసింది. నేను డబ్బు తియ్యబోతే చెయ్యి అడ్డం ఊపింది. పొట్లం మడిచి దారం చుట్టబోయి, ఆగింది. మడత మళ్లీ విప్పింది. బస్తాలోకి చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, నేను చూస్తూ ఉండగా, పైన వేసింది.

"అమ్మా," అన్నాను. "ఇంట్లోవాళ్లకి వెయ్యవు కదా."

దారం చుట్టి, ముడివేసి, నా చేతిలో పెట్టింది. కళ్లు అప్పటికే నా భుజం మీదుగా వెనకున్న మనిషి మీదికి వెళ్లిపోయాయి. "చెప్పండి, మీకేం కావాలి?" అంది.

ఆ పొట్లం రావులపాలెం దాటేదాకా ఒళ్లో పెట్టుకున్నాను. జొన్నాడ వంతెన మీద హెడ్మాస్టరుగారు "కొసరేమన్నా చెప్పు పాపా," అంటే, "ఇవాళ అయిపోయిందండి," అన్నాను.

ఇప్పుడు ఆ నగరంలో నాకే రెండు బస్సులున్నాయి. నగరానికి యాత్రికుల్ని ఎలా రప్పించాలి అని పెద్దవాళ్లు మీటింగులు పెడితే నన్నూ పిలుస్తున్నారు. తెరల మీద రంగురంగుల బొమ్మలన్నీ అయిపోయాక నావంతు వస్తుంది. నేను లేచి, కాటా పళ్లెం దించి గుప్పెడు వేసినట్టు గాల్లో చేసి చూపిస్తాను. వాళ్లు రాసుకుంటారు. గాజుల ముసలాయన లేడు, ఆయన కొడుకున్నాడు, మా బస్సువాళ్లకి ఇప్పటికీ పైన ఒక గాజు పెడతాడు. ఎవరైనా "మేడం, మళ్లీ మళ్లీ రప్పించడానికి నిజంగా ఆ గుప్పెడు చాలా?" అని అడిగితే చాలనే చెప్తాను. నా మీద పనిచేసింది కదా. ఏడాదికి మూడుసార్లు వెళ్తున్నాను.

వెళ్లిన ప్రతిసారీ కొట్టు దగ్గర బల్లకి ఇవతల నిలబడి శనగపప్పు అడుగుతాను. అమ్మ తూస్తుంది, దించుతుంది. నేను ఆ చేతివంకే చూస్తాను. ఈసారైనా మర్చిపోతుందేమో, పొట్లం మడిచి చేతిలో పడేసి "లోపలికి రా, అడ్డం నిలబడకు," అంటుందేమో అని. ఊహూఁ. చెయ్యి బస్తాలోకి వెళ్తుంది. పోయిన తడవ ఉండబట్టలేక, "కొసరొద్దమ్మా, తూకం చాలు," అన్నాను. "వెయ్యకపోతే ఎలా?" అంది. "సగమైనా తగ్గించు," అన్నాను. వినలేదు. వెనక్కి తిరిగి నడిచాను కూడా. ఒకటి, రెండు, మూడు.

మూడో అడుగులోనే పిలిచింది. వెనక్కి వెళ్లి చూస్తే, ఈసారి రెండు గుప్పెళ్లు వేసింది.